ఆరుగురికి రుమేనియా భోజనం: బుధవారం మొదలుపెడితే ఆదివారం వడ్డన

ముందు ఒక గాజు జాడీలో గోధుమ తవుడు నానబెట్టండి. మిగతా కబుర్లు అది పులిసేలోపు చెప్పుకోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం ఆరుగురిని భోజనానికి పిలిచారనుకుంటే ఈ పని బుధవారమే అయిపోవాలి. ఎందుకంటే రుమేనియా వంటలో మాంసం కంటే పులుపే ఎక్కువ టైం తీసుకుంటుంది.

నేను ఈ వంట నేర్చుకున్నది రుమేనియా ఈశాన్యాన యాష్ అనే ఊళ్ళో. ఆ ప్రాంతాన్ని మోల్దోవా అంటారు. పక్కనే అదే పేరుతో వేరే దేశం కూడా ఉంది, కలిపేసుకోకండి. మేం అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఒక పెద్దావిడ ఉండేది. అక్కడ అందరూ అన్నట్టే నేనూ ఆవిడను 'దోమ్నా' అనేదాన్ని, మన 'అమ్మగారూ' లాంటి పిలుపు. హోటళ్ళలో ప్లేటు మీద నాలుగు ఆకులు చల్లి నాజూకు అనిపిస్తారు. ఆవిడ లెక్క వేరు. చోర్బా అనే పుల్లటి సూప్‌లో పులుపు ఎప్పుడు పోశారు, క్యాబేజీ ఆకుల్లో కీమా పెట్టి చేసే సర్మాలే ఎంత సన్నగా చుట్టారు అన్నది చూస్తే ఆ ఇంటి పనితనం తెలిసిపోతుందనేది. ఈ వారం మనం చేయబోయేది కూడా ఆ లెక్క ప్రకారమే.

ఆదివారం వడ్డించేవి: ముందు కాల్చిన వంకాయ సలాడ్, తర్వాత మాంసపు ఉండల చోర్బా, అసలు వంటకంగా సర్మాలే, దాని పక్కన మమలీగ అనే మొక్కజొన్న సంకటి, చివర్లో పాపనాష్ అనే తీపి గారెలు. బుధవారం నుంచే అన్నానని భయపడకండి. రోజుకు గంట పని, శని, ఆదివారాల్లో మాత్రం మూడు నాలుగు గంటలు.

సంచి పట్టుకుని వెళ్ళేముందు

కొన్ని సరుకుల గురించి ముందే చెప్పేస్తాను. రుమేనియా చోర్బాకి ప్రాణం లెఉష్టాన్ అనే ఆకు. చూడ్డానికి, వాసనకు సెలెరీ ఆకుకు అక్కలాంటిది, ఘాటు ఎక్కువ. మన దగ్గర దొరకదు కాబట్టి సెలెరీ కట్ట కొని, కాడల చివర ఉండే ఆకులు వాడండి. కొత్తిమీర వేస్తే అది వేరే దేశపు సూప్ అయిపోతుంది. రెండో ఆకు సోయకూర. అది హైదరాబాద్ కూరగాయల మార్కెట్లలో దొరుకుతుంది, రుమేనియాలో దాన్ని దాదాపు అన్నిట్లోనూ వేస్తారు. మూడోది చింబ్రు, దాని బదులు ఎండు థైమ్ సరిపోతుంది.

మొక్కజొన్న రవ్వ అడిగితే కొన్ని షాపుల్లో కార్న్ ఫ్లోర్ చేతిలో పెడతారు. తెల్లటి ఆ పిండి సూప్ చిక్కబరచడానికి, మనకు పనికిరాదు. పసుపుపచ్చగా, బొంబాయి రవ్వ కంటే కాస్త బరకగా ఉండేది తెచ్చుకోండి.

మాంసం సంగతి. సర్మాలే అంటే అక్కడ ప్రధానంగా పంది మాంసం. డిసెంబర్ 20న ఇగ్నాత్ రోజు పల్లెల్లో పందిని కోసి, ఆ మాంసంతోనే క్రిస్మస్ సర్మాలే చేస్తారు. నల్లసముద్రం ఒడ్డున దోబ్రోజా ప్రాంతంలోని టర్కులు, తాతార్లు ముస్లింలు. వాళ్ళ వంటింట్లో పంది మాంసం ఉండదు, గొర్రె మాంసం వాడతారు. కాబట్టి మటన్ కీమాతో చేస్తే అపచారమేమీ లేదు. అయితే కొవ్వు పూర్తిగా తీయించకండి, నాలుగో వంతైనా కొవ్వు లేకపోతే లోపల పిడచకట్టి ఇసుకలా ఉంటుంది. చికెన్ అయితే తొడ మాంసం మాత్రమే.

బుధవారం: బోర్ష్

బోర్ష్ అనగానే ఇంటర్నెట్‌లో ఎర్రటి బీట్‌రూట్ సూప్ కనిపిస్తుంది. అది ఉక్రెయిన్, రష్యా వైపుది. రుమేనియాలో బోర్ష్ అంటే పులియబెట్టిన తవుడు నీళ్ళు. వాటితో గానీ మరో పులుపుతో గానీ చేసిన సూప్‌ని చోర్బా అంటారు, టర్కీ భాష నుంచి వచ్చిన మాట. పులుపు లేకపోతే అది ఉత్త 'సూపా', జ్వరమొచ్చిన వాళ్ళకు పెట్టేది. పులుపు ఊరూరికీ మారుతుంది. కొందరు పచ్చి రేగుపళ్ళ సైజు పుల్లటి ప్లమ్‌లు వేస్తారు, కొందరు ఊరబెట్టిన క్యాబేజీ నీళ్ళు, రుమేనియాలోనే మరో ప్రాంతమైన ట్రాన్సిల్వేనియాలో వెనిగర్, తొందరున్నవాళ్ళు నిమ్మకాయ. మోల్దోవా వాళ్ళకు మాత్రం బోర్ష్ తప్ప వేరేది పులుపే కాదు.

కోస్తాలో తరవాణి కుండ చూసిన పెద్దవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. అక్కడ అన్నం, గంజి, ఇక్కడ తవుడు, అంతే తేడా.

కావలసినవి: గోధుమ తవుడు 200 గ్రాములు, మొక్కజొన్న రవ్వ 50 గ్రాములు, నీళ్ళు 2 లీటర్లు, తోడుకు ఒక చెంచా పుల్లటి ఇడ్లీ పిండి. ఉప్పు కలపకముందు తీసిపెట్టిన పిండి అయితే మంచిది. రుమేనియాలో పాత బోర్ష్ అడుగున మిగిలిన తవుడునే తోడుగా వాడతారు, దాన్ని 'హుష్తె' అంటారు. మొదటిసారి మన దగ్గర అది ఉండదు కదా, అందుకని ఇడ్లీ పిండి. రై బ్రెడ్ ముక్క వేసినా పని జరుగుతుంది.

1. మూడు లీటర్ల గాజు జాడీని వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. తవుడు, రవ్వ అందులో వేసి ఒక గ్లాసు చల్లటి నీళ్ళతో తడపండి. ముందు ఇలా తడపకపోతే వేడినీళ్ళు పోయగానే రవ్వ ఉండలు కడుతుంది.
2. మిగతా నీళ్ళు మరిగించి, పది నిమిషాలు ఆగి పోయండి. చెక్క గరిటెతో కలపండి.
3. వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆగి, అప్పుడు తోడు వేయండి. వేడి మీద వేస్తే తోడు చచ్చిపోతుంది, పెరుగుకు ఎలాగో ఇక్కడా అలాగే.
4. పల్చటి గుడ్డ కట్టి వంటింట్లో ఒక మూల పెట్టండి. రోజుకు రెండు మూడుసార్లు కలపండి.

ఎండాకాలంలో 24 గంటల్లోనే పులుస్తుంది, చలికాలంలో రెండు మూడు రోజులు. బుడగలు రావాలి, వాసన తాజా బ్రెడ్‌లా, కాస్త పుల్లగా ఉండాలి. రుచి చూస్తే నాలుక పక్కలు జివ్వుమనాలి. పైన రంగురంగుల బూజు కనిపించినా, కుళ్ళు వాసన వచ్చినా మొహమాటం లేకుండా పారబోసేయండి. పులిసిన వెంటనే వడకట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, వారం ఉంటుంది. అడుగు తవుడు ఒక కప్పు దాచుకోండి. మళ్ళీసారి ఇడ్లీ పిండి అక్కర్లేదు.

శుక్రవారం: స్మంతనా

ఇది పుల్లటి మీగడ. 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్ 400 మిల్లీలీటర్లు తీసుకుని, గోరువెచ్చ చేసి, రెండు చెంచాల గట్టి పెరుగు కలిపి రాత్రంతా బయట ఉంచండి. పొద్దున ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి చెంచా నిలబడేలా అవుతుంది. ఇందులో చెప్పడానికి ఇంకేం లేదు.

శనివారం: సర్మాలే

టర్కీ భాషలో 'సర్మా' అంటే చుట్టినది. తర్వాత కలిసి రుమేనియా అయిన వలాకియా, మోల్దోవా రాజ్యాలు 1877 దాకా ఒట్టోమన్ టర్కుల నీడలో ఉన్నాయి. ఈ వంటకం ఆ దారినే వచ్చింది. ఆ తర్వాత దాన్ని పూర్తిగా తమది చేసుకున్నారు. పెళ్ళిళ్ళకు, క్రిస్మస్‌కు, చావు భోజనాలకు కూడా ఇదే.

ట్రాన్సిల్వేనియాలో సర్మాలే పిడికిలంత చేస్తారు, రెండు తింటే చాలు. మోల్దోవాలో బొటనవేలంత. మా దోమ్నా చుట్టినవి చూస్తే దొండకాయలు గుర్తుకొచ్చేవి. పెద్దవి చేయడం బద్ధకస్తుల పని అనేది ఆవిడ. ట్రాన్సిల్వేనియా వాళ్ళు ఒప్పుకోరనుకోండి, కానీ నేనూ ఆవిడ పక్షమే. చిన్నదానిలో ఆకుకీ కూరుకీ నిష్పత్తి బాగుంటుంది, ప్లేటులో నాలుగు పెడితే అందంగా కూడా ఉంటుంది.

శీతాకాలంలో అక్కడ మొత్తం క్యాబేజీలనే ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, ఆ ఆకులతో చుడతారు. ఎండాకాలంలో తాజా క్యాబేజీతో చేసి పులుపుకు బోర్ష్ పోస్తారు. మనం రెండో దారిలో వెళ్దాం, బోర్ష్ ఎలాగూ ఉంది కాబట్టి.

కావలసినవి: బరువు తక్కువగా, వదులుగా ఉన్న క్యాబేజీలు రెండు, కలిపి 2 కిలోలు. కీమా 700 గ్రాములు. సోనా మసూరి బియ్యం 100 గ్రాములు, బాస్మతి వద్దు, అది పొడిపొడిగా ఉంటుంది, లోపల అతుక్కోవాలి. ఉల్లిపాయలు 3. టమాటా పేస్ట్ 2 పెద్ద చెంచాలు. తీపి పాప్రికా ఒక చెంచా, లేకపోతే కాశ్మీరీ కారం అర చెంచా. సోయకూర ఒక కట్ట. థైమ్ ఒక చెంచా. బిర్యానీ ఆకులు 3, మిరియాలు, ఉప్పు. టమాటా రసం 300 మిల్లీలీటర్లు, బోర్ష్ అర లీటరు.

దీనికి పొగబెట్టిన మాంసం 200 గ్రాములు కూడా కావాలి. అక్కడ పక్కటెముకలు పొగబెట్టి గిన్నె అడుగున వేస్తారు, ఆ వాసన లేకపోతే సర్మాలే సగమే. పెద్ద సూపర్ మార్కెట్లలో బేకన్ దొరుకుతుంది. అది వద్దనుకుంటే హైదరాబాదీ దారి ఉంది. కలిపిన కీమా మధ్యలో చిన్న గిన్నె పెట్టి, అందులో నిప్పు కణిక వేసి, నాలుగు చుక్కల నూనె చిలకరించి మూత పెట్టండి. ఐదు నిమిషాలు చాలు. నెయ్యి వేస్తే మొగలాయీ వాసన వచ్చేస్తుంది, అందుకే నూనె. దోమ్నాకి ఈ సంగతి చెబితే నవ్వి, తర్వాత ఎలా చేయాలో రెండోసారి అడిగింది.

ఆకులు. క్యాబేజీ మొదలు చుట్టూ కత్తితో లోతుగా కోసి మొదలు తీసేయండి. పెద్ద గిన్నెలో నీళ్ళు, ఉప్పు, ఒక గ్లాసు బోర్ష్ కాగబెట్టి క్యాబేజీని ముంచండి. రెండు మూడు నిమిషాలకు పై ఆకులు వాటంతట అవే విడిపోతాయి, ఒక్కొక్కటీ తీస్తూ పోండి. మెత్తగా వంగాలి, చిరగకూడదు. మధ్య ఈనెను కత్తితో చదునుగా చెక్కేయండి, పెద్ద ఆకులు రెండుగా కోసేయండి. అరచేతిలో ముప్పావు వంతు సైజు చాలు. చిరిగినవీ చిన్నవీ పారేయొద్దు, సన్నగా తరగండి, గిన్నె అడుగున పరవడానికి కావాలి.

కూరు. ఉల్లిపాయలు చాలా సన్నగా తరిగి మూడు చెంచాల నూనెలో సన్నమంట మీద మగ్గించండి. బంగారు రంగు రానక్కర్లేదు, మెత్తబడితే చాలు, పది పన్నెండు నిమిషాలు. కడిగిన బియ్యం వేసి రెండు నిమిషాలు, టమాటా పేస్ట్‌లో సగం, పాప్రికా వేసి ఒక నిమిషం. చల్లారనిచ్చి కీమాలో కలపండి. సోయకూర, థైమ్, మిరియాల పొడి, రెండు చెంచాల ఉప్పు వేసి, అర గ్లాసు చల్లటి నీళ్ళు పోసి చేత్తో బాగా కలపండి. ఆ నీళ్ళే లోపల మెత్తదనం. చెంచాడు కూరు పెనం మీద వేయించి రుచి చూడండి, ఉప్పు సరిచేసుకోవడానికి ఇదే చివరి అవకాశం.

చుట్టడం. ఆకు అంచున ఒక చెంచా కూరు పెట్టి వదులుగా చుట్టండి, రెండు కొసలనూ వేలితో లోపలికి నొక్కేయండి. గట్టిగా బిగిస్తే బియ్యం ఉబ్బి పగిలిపోతాయి. ఈ కొలతకు నలభై దాకా వస్తాయి. ఒక్కళ్ళే కూర్చుని చుడితే విసుగు, ఎవరినైనా పిలిచి కబుర్లు చెప్పుకుంటూ చుట్టండి, అక్కడా అలాగే చేస్తారు.

ఉడికించడం. మందపాటి గిన్నె అడుగున తరిగిన క్యాబేజీ, దాని మీద పొగబెట్టిన మాంసం ముక్కలు, ఆపైన సర్మాలే మడత కిందికి వచ్చేలా దగ్గర దగ్గరగా వరసలుగా పేర్చండి. మధ్యలో బిర్యానీ ఆకులు. మిగిలిన ఆకులతో పైన కప్పండి. టమాటా రసం, మిగిలిన పేస్ట్, బోర్ష్ కలిపి పోసి, మునిగేదాకా వేడినీళ్ళు పోయండి. పొంగు రాగానే మంట బాగా తగ్గించి మూడు గంటలు. ఒవెన్ ఉంటే 160 డిగ్రీల దగ్గర మూడున్నర గంటలు, చివరి అరగంట మూత తీసి. మధ్యలో గరిటె పెట్టొద్దు, గిన్నెను పట్టుకుని కుదపండి చాలు. కుక్కర్‌లో పెడితే అరగంటలో అవుతుందని ఒకసారి పెట్టాను. మూత తీస్తే క్యాబేజీ కీమా పాయసం.

చల్లారాక రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దునకి కొవ్వు పైన గడ్డకడుతుంది. ఒక చెంచాడు ఉంచి మిగతాది తీసేయండి. ఇంటి వంటకీ విందు వంటకీ తేడా వచ్చేది ఇక్కడే. వేడి చేసేటప్పుడు రసాన్ని విడిగా వంచి, సగమయ్యేదాకా మరిగిస్తే నిగనిగలాడే చిక్కటి సాస్ వస్తుంది, వడ్డించేటప్పుడు పైన ఒక చెంచా.

శాకాహారులు వస్తున్నారా? ఇబ్బంది లేదు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు నవంబర్ 15 నుంచి డిసెంబర్ 24 దాకా, ఈస్టర్ ముందు, ఏడాదిలో చాలా బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉంటారు. అప్పుడు మాంసం, గుడ్లు, పాలు ఏవీ ముట్టరు. ఆ రోజుల కోసమే 'సర్మాలే దె పోస్త్' ఉంది. కీమా బదులు సన్నగా తరిగి నీరు ఇగిరేదాకా వేయించిన పుట్టగొడుగులు 500 గ్రాములు, బియ్యం 150, తురిమిన క్యారెట్ రెండు, పొడిచేసిన వాల్‌నట్స్ ఒక గుప్పెడు. గంటన్నరలో ఉడికిపోతాయి.

ఆదివారం పొద్దున: వంకాయ సలాడ్

మన వంకాయ కాల్చిన పచ్చడికి చాలా దగ్గర, ఒక్క పోపు తప్ప. అలవాటుగా చెయ్యి పోపు డబ్బా వైపు వెళ్తుంది, ఆపుకోండి. ఇక్కడ పొగ వాసన ఒక్కటే మాట్లాడాలి.

పెద్ద వంకాయలు కిలోన్నర మంట మీద తిప్పుతూ తొక్క నల్లగా మాడి లోపల కూలిపోయేదాకా కాల్చండి. తొక్క తీసి, చిల్లుల గిన్నెలో వేసి గంటసేపు వాలుగా పెట్టండి. గోధుమరంగు చేదు నీళ్ళు కారతాయి. చాలామంది తొందరపడి ఈ గంట ఎగ్గొడతారు, అందుకే సలాడ్ నీళ్ళోడుతుంది. తర్వాత చెక్క గరిటె అంచుతో కొట్టి ముద్ద చేయండి. ఇనుప కత్తి తగిలితే వంకాయ నల్లబడుతుందని అక్కడ గట్టి నమ్మకం, దీనికోసమే చెక్క కత్తులు అమ్ముతారు. మిక్సీ మాత్రం వద్దు, జిగురవుతుంది.

పొద్దుతిరుగుడు నూనె 70 మిల్లీలీటర్లు సన్నటి ధారగా పోస్తూ ఒకే దిక్కుగా కలపండి. ముద్ద తెల్లబడి నురగలా తేలికవుతుంది. ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం. ఉల్లిపాయ ఒకటి ఆవగింజంత ముక్కలు చేసి, చల్లటి నీళ్ళలో కడిగి, పిండి, వడ్డించే ముందు మాత్రమే కలపండి. ముందే కలిపితే మధ్యాహ్నానికి చేదెక్కుతుంది. కాల్చిన బ్రెడ్ ముక్కలు, టమాటా చక్రాలతో పెట్టండి. దీనితోపాటు అక్కడ చిన్న గ్లాసులో త్సుయికా అనే ప్లమ్ సారా తాగుతారు, మీ ఇష్టం.

చోర్బా: పులుపు ఆఖరున

దీని పేరు 'చోర్బా దె పెరిష్వారె', మాంసపు ఉండల పులుసు అనుకోవచ్చు.

చికెన్ ఎముకలు అర కిలో, ఒక ఉల్లిపాయ, మిరియాలు రెండున్నర లీటర్ల నీళ్ళలో వేసి గంటన్నర సన్నమంట మీద ఉంచండి. కుతకుత మరగకూడదు, అడపాదడపా బుడగ తేలితే చాలు. పైకి వచ్చే నురగ ఎప్పటికప్పుడు తీసేస్తే నీళ్ళు తేటగా ఉంటాయి. వడకట్టండి.

ఉండలకు: కీమా 400 గ్రాములు, కడిగిన బియ్యం 2 చెంచాలు, గుడ్డు ఒకటి, తురిమిన చిన్న ఉల్లిపాయ, సోయకూర, ఉప్పు, మిరియాలు. తడిచేత్తో ఉసిరికాయంత ఉండలు చేయండి. ఇళ్ళలో నిమ్మకాయంత చేస్తారు, విందుకి చిన్నవే బాగుంటాయి, చెంచాలో ఒకటి పడుతుంది.

వడకట్టిన నీళ్ళలో క్యారెట్ రెండు, సెలెరీ కాడలు రెండు, ఎర్ర క్యాప్సికమ్ ఒకటి, గింజలు తీసిన టమాటాలు రెండు, అన్నీ పెసలగింజకు కాస్త పెద్ద సైజులో తరిగి వేసి పావుగంట ఉడికించండి. ఉండలు ఒక్కొక్కటే జారవిడవండి, మరో 25 నిమిషాలు. ఒక ఉండను కోసి చూస్తే బియ్యం పూర్తిగా ఉడికి ఉండాలి, క్యారెట్ నొక్కితే నలగాలి.

అప్పుడు పులుపు. ఇక్కడ తొందరపడితే అంతే సంగతులు. పులుపు తగిలాక కూరగాయలు ఇంక మెత్తబడవు. పుల్లటి నీటిలో వాటి కణాలను పట్టి ఉంచే పెక్టిన్ కరగదు. మనం కూడా పప్పులో చింతపండు ఆఖర్నే వేస్తాం కదా. నేను మొదటిసారి అన్నీ ఒకేసారి పోసి, గంట ఉడికించినా కరకరలాడే క్యారెట్లు తిన్నాను.

బోర్ష్ 700 మిల్లీలీటర్లు వేరే గిన్నెలో మరిగించి, పైకి తేలే నురగ తీసేసి, అప్పుడు చోర్బాలో పోయండి. మొదట అర లీటరు, రుచి చూసి మిగతాది. పచ్చిది నేరుగా పోస్తే చోర్బా అంతా మబ్బుపట్టినట్టు అవుతుంది. ఐదు నిమిషాలు కాగనిచ్చి, ఉప్పు ఇప్పుడు సరిచూసుకోండి. పులుపు పడ్డాక ఉప్పు లెక్క మారుతుంది. స్టవ్ ఆపేసి, తరిగిన సెలెరీ ఆకులు వేసి, పది నిమిషాలు మూత. ఆకును మరిగిస్తే వాసన ఆవిరైపోయి గడ్డి మిగులుతుంది.

స్మంతనా గిన్నె బల్ల మీద పెట్టండి, ఎవరికి కావాల్సినంత వాళ్ళు వేసుకుంటారు. గిన్నెలో ముందే కలపాలంటే, మీగడలో రెండు గరిటెల వేడి చోర్బా పోసి కలిపి, అప్పుడు దాన్ని గిన్నెలోకి వంచండి, లేకపోతే విరుగుతుంది. ఒక పళ్ళెంలో పచ్చిమిరపకాయలు పెట్టడం మర్చిపోకండి. రుమేనియా వాళ్ళు చోర్బా తాగుతూ మిరపకాయ నంజుకుంటారు. యాష్‌లో నాకు ఇంటిమీద బెంగ కాస్త తగ్గింది ఆ దృశ్యం చూశాకే.

మమలీగ

కరీంనగర్ వైపు వాళ్ళకు మక్క గటక అంటే చాలు, అర్థమైపోతుంది. రాయలసీమ వాళ్ళు సంకటి కలిపిన చేత్తోనే ఇది కలపొచ్చు. మొక్కజొన్న రుమేనియాకి వచ్చింది 17వ శతాబ్దంలో, అంతకుముందు అక్కడి రైతులు వరిగలతో ఇదే గంజి కాచుకునేవాళ్ళు.

నీళ్ళు లీటరు, పాలు పావు లీటరు, ఉప్పు రెండు చిన్న చెంచాలు కాగనివ్వండి. పాలు సంప్రదాయంలో లేవు, విందు కోసం. రవ్వ 300 గ్రాములు ఒక చేత్తో వానచినుకుల్లా చల్లుతూ, రెండో చేత్తో విస్క్ తిప్పండి. దగ్గరపడ్డాక చెక్క గరిటెకు మారండి. సన్నమంట మీద 35 నుంచి 40 నిమిషాలు, రెండు నిమిషాలకోసారి కలుపుతూ. ప్యాకెట్ మీద ఐదు నిమిషాలని రాసి ఉంటుంది, నమ్మొద్దు, పచ్చి వాసన పోదు. చివర్లో వెన్న 40 గ్రాములు వేసి గట్టిగా చిలకండి.

పల్లెటూరి పద్ధతిలో పాలూ వెన్నా లేకుండా, నీళ్ళు మూడొంతులకు రవ్వ ఒక వంతు పోసి గట్టిగా చేసి, చెక్క పలక మీద బోర్లించి, దారంతో కోస్తారు. కత్తికి అంటుకునేది దారానికి అంటుకోదు. పెద్దవాళ్ళు వస్తుంటే ఇలా చేసి వాళ్ళ ముందే కోయండి, బాగుంటుంది.

వడ్డించేటప్పుడు: ప్లేటులో ఒక పక్క మెత్తటి మమలీగ, దాన్ని ఆనుకుని నాలుగు సర్మాలే, మరిగించిన సాస్ ఒక చెంచా, పక్కన చెంచాడు స్మంతనా, ఒక పచ్చిమిరపకాయ. ఇంకేమీ చల్లకండి. వైన్ తాగేవాళ్ళకు అక్కడ దీనితో ఎర్రటి ఫెతియాస్కా నియాగ్రా పోస్తారు.

పాపనాష్

విరుగుతో చేసే గారెలు, మధ్యలో చిల్లు, నెత్తిన చిన్న ఉండ. పేరులో పాపం నాశనమయ్యేలా వినిపిస్తుంది గానీ కేలరీలు చూస్తే అలా అనిపించదు.

శనివారం రాత్రే రెండు లీటర్ల చిక్కటి పాలు నిమ్మరసంతో విరగ్గొట్టి, గుడ్డలో కట్టి వేలాడదీయండి. బరువు పెట్టకండి, పనీర్‌లా గట్టిపడకూడదు. తడి తగ్గి చేత్తో నలిపితే మెత్తగా ఉండాలి.

ఆ విరుగు 300 గ్రాములు జల్లెడలో రుద్ది, గుడ్డు ఒకటి, పచ్చసొన ఒకటి, చక్కెర 30 గ్రాములు, నిమ్మతొక్క తురుము, చిటికెడు ఉప్పు కలపండి. అర చెంచా వంటసోడాను ఒక చెంచా నిమ్మరసంలో కలిపి పొంగగానే పోయండి. మైదా 130 గ్రాములు వేసి, పిసకకుండా కలిపి పావుగంట వదిలేయండి. చేతికి అంటుకుంటుంది, అంటుకోవాలి కూడా. అంటుకుంటోందని మైదా పోస్తూ పోతే బన్ను అవుతుంది. పిండి చల్లిన పీట మీద ఎనిమిది గారెలు, ఎనిమిది గోళీలు చేయండి.

నూనె 160 డిగ్రీలు. థర్మామీటర్ లేకపోతే చిటికెడు పిండి వేసి చూడండి, అడుగుకు వెళ్ళి నెమ్మదిగా పైకి తేలాలి. నూనె ఎక్కువ వేడైతే బయట మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు. ముందు ఒకటే వేయించి విరిచి చూడండి, ఆ ఒకటి వంట చేసినవాళ్ళ వాటా.

పైన స్మంతనా, దాని మీద జామ్. అక్కడ పుల్లటి చెర్రీలతోనో, కార్పాతియన్ కొండల బ్లూబెర్రీలతోనో చేస్తారు. మన షాపుల్లో దొరికే స్ట్రాబెర్రీ జామ్ మరీ తీపి. వాక్కాయల కాలమైతే, గింజలు తీసి, బరువుకు ముప్పావు వంతు చక్కెరతో చిక్కబడేదాకా ఉడికించండి. ఆ ఎరుపు, ఆ పులుపు చూస్తే దోమ్నా కూడా తప్పుపట్టదు. మనిషికి ఒకటే పెట్టండి. హోటళ్ళలో అరచేతంతవి రెండు పెడతారు, నేనెప్పుడూ రెండోది ముగించలేదు.

సోమవారం పొద్దున మిగిలిన మమలీగను ముక్కలు కోసి పెనం మీద ఎర్రగా వేయించండి. పక్కన వేడి చేసిన సర్మాలే రెండు పెట్టుకోండి. ఇవి ఆదివారం కంటే ఆరోజే ఎక్కువ రుచి.